‘రామరాజ’ ఖతి: బొద్దు అక్షరాల రూపం, కోనసీమ పేర్లలో ప్రయోజనం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు యూనికోడ్ ఖతుల్లో ‘రామరాజ’ శీర్షికలకు, ఆహ్వానపత్రికలకు, గోడపత్రాలకు ఉద్దేశించిన బొద్దు ఖతి. గూగుల్ ఫాంట్స్ జాబితాలో ఇది ‘సెరిఫ్’ వర్గంలో ఉంది. ఆ వర్గీకరణ తెలుగు అక్షరానికి ఎంతవరకు వర్తిస్తుంది, అక్షరం బొద్దుగా మారినప్పుడు ఒత్తులకూ మహాప్రాణాలకూ ఏమవుతుంది అనే ప్రశ్నలను కోనసీమ ఊళ్ల పేర్లు, ఉత్సవ పదాలు ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఖతి, బొద్దు అక్షరం, తలకట్టు, సెరిఫ్, ఒత్తులు, మహాప్రాణాలు, కోనసీమ.

1. ఉపోద్ఘాతం:

తెలుగు సాహిత్య విమర్శ పద్యం నడకను, వాక్యం తీరును, ముఖచిత్రాన్ని సైతం పరిశీలించింది. అచ్చక్షరం రూపాన్ని మాత్రం ముద్రాపకుల వ్యవహారంగా వదిలివేసింది. పాఠకుడు ముందుగా చూసేది అక్షరాన్నే. ఆ అక్షరం తప్పుగా కనిపిస్తే పదం తప్పవుతుంది. పదం తప్పయితే తక్కిన విచారణకు ఆధారమే ఉండదు. అందుచేత ఒక ఖతిని కూడా ఒక రచనను పరిశీలించినట్టే పరిశీలించవలసి ఉంటుంది. దాన్ని ఏ ఉద్దేశంతో చేశారు, ఆ ఉద్దేశం ఎంతవరకు నెరవేరింది, దాన్ని మించిన పనికి వాడినప్పుడు ఏం జరుగుతోంది అన్నవి అడగదగిన ప్రశ్నలు.

ఈ పరిశీలనకు కోనసీమను ఎంచుకోవడానికి కారణం ఉంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో సంక్రాంతి మొదలు మాఘమాసపు కల్యాణోత్సవాల వరకు పెద్ద అక్షరాలకు పని ఎక్కువ. కనుమనాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి ఏకాదశ రుద్రుల ప్రభలు తరలివస్తాయి. భీష్మ ఏకాదశి వేళ అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథోత్సవం జరుగుతుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇవన్నీ బ్యానర్ల మీద, కరపత్రాల మీద, అట్టపెట్టెల మీద లావు అక్షరాల్లో కనిపించే పేర్లే. పైగా ఈ పేర్లలో కొన్ని బొద్దు అక్షరానికి సులువుగా లొంగుతాయి, కొన్ని లొంగవు. ఆ తేడా ఎక్కడుందో చూస్తే ఖతి గుణదోషాలు వాటంతటవే బయటపడతాయి.

2. ఖతి నేపథ్యం:

‘రామరాజ’లోని తెలుగు అక్షరాలను పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించారు. సిలికానాంధ్ర సంస్థ దీన్ని ఎస్.ఐ.ఎల్. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. ఇదే వరుసలో వచ్చిన ఖతులకు పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన, రామభద్ర, సూరన, తెనాలి రామకృష్ణ అనే పేర్లున్నాయి. అంటే అష్టదిగ్గజాలు పూర్తయ్యాయి. శ్రీకృష్ణదేవరాయల పేరిట కూడా ఒక ఖతి ఉంది. భువనవిజయాన్ని కంప్యూటర్ తెర మీద నిలబెట్టాలన్న ముచ్చట ఈ నామకరణంలో తెలుస్తూనే ఉంది. రామరాజభూషణుడు ఆ సభలో ఉన్నాడా అన్నది వేరే చర్చ. ఆయన పేరులోని రామరాజు అళియ రామరాయలు. వసుచరిత్రకు కృతిభర్త తిరుమల దేవరాయలు. ఐతిహ్యం చరిత్ర కంటే బలమైనదని ఖతుల జాబితా కూడా రుజువు చేస్తోంది.

పేరు పెట్టడం సరే, ఆ పేరుతో ఖతి స్వభావానికి ఏమైనా పొత్తు ఉందా? రామరాజభూషణుని ప్రతిభ శ్లేషలో ఉంది. హరిశ్చంద్రనలోపాఖ్యానం ద్వ్యర్థి కావ్యం. అవే అక్షరాలు ఒక విరుపులో హరిశ్చంద్రుని కథను, మరొక విరుపులో నలుని కథను చెబుతాయి. అటువంటి కావ్యంలో ఒక్క ఒత్తు మసకబారినా రెండర్థాల్లో ఒకటి చెడుతుంది. అందుకని ఆ కవి పేరు మోసే ఖతిని ఒత్తుల దగ్గరే పరీక్షించడం అన్యాయం కాదు. ‘ద్వ్యర్థి’ అన్న మాటలోనే ద కింద వ, య రెండూ ఇమడాలి, ర కింద థ ఒత్తు ఇమడాలి. ఏ బొద్దు ఖతికైనా అదొక గట్టి పరీక్ష.

3. సెరిఫ్ అనే మాట, తలకట్టు:

రోమన్ అక్షరాల గీతల చివర కనిపించే చిన్న అడ్డుపట్టీని సెరిఫ్ అంటారు. క్రీ.శ. 113 నాటి ట్రాజన్ స్తంభశాసనంలోని అక్షరాలు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. బొద్దు సెరిఫ్ అక్షరాల చరిత్ర మాత్రం అంత పాతది కాదు. 19వ శతాబ్దపు తొలి దశకాల్లో లండన్ టైపు ఫౌండ్రీలు వాణిజ్య ప్రకటనల కోసం అతి లావైన అక్షరాలు పోతపోశాయి. వీటికి రాబర్ట్ థోర్న్ పేరు ముఖ్యంగా చెబుతారు. ఆ తరువాత 1845లో ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీ నుంచి రాబర్ట్ బెస్లీ ‘క్లారెండన్’ను విడుదల చేశాడు. దాని ఉద్దేశం వేరు. నిఘంటువులో ఆరోపపదం తక్కిన వాక్యం నడుమ ప్రత్యేకంగా కనబడాలి, అయినా పక్కనున్న మామూలు అక్షరంతో కలిసిపోవాలి. అంటే బొద్దు అక్షరానికి మొదటినుంచీ రెండు వృత్తులున్నాయి: ఒకటి గోడ మీద కేకవేయడం, రెండోది పుట లోపల మెల్లగా వేలుపెట్టి చూపడం. ఈ రెండింటికీ ఒకే అక్షరం సరిపోదని పాశ్చాత్య ముద్రణ ఆ శతాబ్దంలోనే గ్రహించింది.

‘రామరాజ’ మొదటి వృత్తికి పుట్టింది. పెద్ద సైజుల్లో వాడమని దాని పరిచయంలోనే ఉంది. అయితే దాన్ని ‘సెరిఫ్’ వర్గంలో చేర్చింది దేన్ని చూసి? అందులోని రోమన్ అక్షరాలకు సెరిఫ్‌లున్నాయి, కాబట్టి ఆ ఖతి మొత్తం సెరిఫ్ ఖతి అయింది. తెలుగు అక్షరాన్ని ఎంచుకునే తెలుగువాడు ఇంగ్లీషు అక్షరానికి పెట్టిన చీటీ చదివి ఎంచుకోవలసి వస్తోంది. ఇది కేవలం జాబితా తయారీలోని సౌకర్యం అనుకోవడానికి లేదు. ‘సెరిఫ్ అంటే పుస్తకానికి, సెరిఫ్ లేనిది తెరకు’ అన్న పాశ్చాత్య అలవాటు కూడా ఆ చీటీ వెంట తెలుగులోకి వస్తుంది.

తెలుగులో సెరిఫ్‌కు సమానమైనది తలకట్టే గదా అని కొందరనవచ్చు. చూపుకు ఆ పోలిక కుదురుతుంది. ముఖ్యంగా బొద్దు అక్షరంలో తలకట్టు చీలలా బలిసి, వరుసగా పైన నిలబడి, పంక్తికి ఒక కప్పులా ఏర్పడుతుంది. కాని పని వేరు. రోమన్ అక్షరం నుంచి సెరిఫ్ తీసివేస్తే అక్షరం మారదు. తెలుగులో తలకట్టు అకారానికి గుర్తు. గుడి, ఏత్వం, పొల్లు వచ్చినప్పుడు అది తన చోటు వాటికి ఇస్తుంది. ఖ, జ, ట, ణ, బ, ల వంటి అక్షరాలకు అసలు తలకట్టే లేదు. ‘అమలాపురం’ అన్న పేరులో మకారానికి, పు అక్షరానికి, రకారానికి తలకట్టు ఉంది. లా దగ్గర ఆ కప్పు తెగుతుంది. ఆ తెగడం వల్లనే పేరుకు ఒక లయ వస్తోంది. తలకట్టును అలంకారంగా భావించి అన్ని అక్షరాలకూ ఒకే బరువు తగిలించే రూపకర్త ఆ లయను చెడగొడతాడు. ‘రామరాజ’ ఆ పొరపాటు చేయలేదు. దాని తలకట్లు బలమైనవే అయినా అక్షరం మీద స్వారీ చేయవు. ఈ ఖతిలో మెచ్చుకోదగిన మొదటి గుణం ఇది.

4. బొద్దుదనం, ఒత్తులు, మహాప్రాణాలు:

తాటాకు మీద గంటంతో గీసిన గీతకు లావు సన్నాల భేదం దాదాపు లేదు. గీసి, మసి పూసి, తుడిస్తే ఒకే మందపు గీత మిగులుతుంది. తెలుగు అక్షరాల గుండ్రదనానికి కూడా ఆకు చిరగకుండా రాయవలసిన అవసరమే కారణమని చెబుతారు. అటువంటి సన్నని గీతలో ఒక అక్షరానికీ మరొక అక్షరానికీ తేడా చూపడానికి చిన్న చుక్క, చిన్న గీటు చాలాయి. ర కడుపులో చుక్క పెడితే ఠ. ధకు చుక్క పెడితే థ. డకు, పకు, చకు అడుగున గీటు చేరితే ఢ, ఫ, ఛ. సన్నగీతలో ఈ ఏర్పాటు ఎంతో పొదుపైనది. గీత బలిసేకొద్దీ ఈ పొదుపే ప్రమాదంగా మారుతుంది. గీత లోపలికి బలిస్తే కడుపు మూసుకుపోతుంది; బయటికి బలిస్తే పక్క అక్షరాన్ని, కింది ఒత్తును తాకుతుంది. రోమన్ అక్షరానికి కింద మరో అక్షరం ఉండదు కనుక వారికి ఈ రెండో చిక్కు లేదు.

కోనసీమ పదాలను ఈ దృష్టితో చూద్దాం. ‘ఆత్రేయపురం పూతరేకులు’ అన్న పేరులో మహాప్రాణం ఒక్కటీ లేదు. ఒత్తు కూడా త్రే దగ్గర ఒక్కటే. పెద్ద పెద్ద కడుపులు, నిండు వంపులు. ‘రామరాజ’ వంటి ఖతిలో ఈ పేరు పెట్టె మూత మీద చాలా అందంగా కూర్చుంటుంది; బొద్దుదనం ఆ తియ్యదనానికి తగినట్టే ఉంటుంది. ‘రాజోలు’, ‘మలికిపురం’, ‘అల్లవరం’ కూడా ఇంచుమించు ఇటువంటివే. ‘ఉప్పలగుప్తం’, ‘ముమ్మిడివరం’ పేర్లలో ఒత్తులున్నా అవి విడివిడి వంపులు కలిగినవి, బలిసినా గుర్తుపట్టవచ్చు.

ఇప్పుడు ‘ప్రభల తీర్థం’ తీసుకుందాం. భకారానికి అడుగున గీటు ఉంది. అది మసకబారినా తలకట్టు వల్ల అది బ కాదని తెలుస్తుంది, ఎందుకంటే బకారానికి తలకట్టు లేదు. సెరిఫ్ చేయలేని పని తలకట్టు చేస్తుందనడానికి ఇది మంచి నిదర్శనం. కాని ‘భీష్మ ఏకాదశి’ అన్నప్పుడు తలకట్టు స్థానంలో గుడి దీర్ఘం వచ్చింది. భీ అక్షరాన్ని బీ నుంచి వేరుచేయడానికి ఆ గీటు ఒక్కటే దిక్కు. ఇక ‘తీర్థం’ అసలైన చిక్కు. ర కింద థ ఒత్తు. ఒత్తు ప్రధానాక్షరం కంటే చిన్నది. దాని కడుపు మరీ చిన్నది. అందులో చుక్క అతి చిన్నది. సైజు తగ్గించినకొద్దీ ముందుగా మూసుకుపోయేది ఆ కడుపే. చుక్క పోతే అది ‘తీర్ధం’గా కనిపిస్తుంది. ‘రథోత్సవం’ ‘రధోత్సవం’ అవుతుంది. అర్థం, అర్ధం అనే రెండు మాటల్లో ఒకటి భావం, ఒకటి సగం. వాటి నడుమ ఉన్నది ఈ చుక్కే.

థ, ధ తారుమారు కావడం ఈనాడు తెలుగు రాతలో సర్వసాధారణమైన తప్పు. దీనికి ఉచ్చారణలో మహాప్రాణం సడలడం, బడిలో శిక్షణ తగ్గడం కారణాలని పండితులు చెబుతారు. అవి నిజమే. ఐతే ఏటేటా కూడలిలో చూసే లావు అక్షరాల్లో ఆ రెండూ ఒకేలా కనిపిస్తుంటే చదివే కన్ను ఏది నేర్చుకుంటుంది? రాసినవాడు థ అనే రాసి ఉండవచ్చు. సిరా దాన్ని ధగా మార్చి ఉండవచ్చు. తప్పు ఎవరిదో చెప్పలేని స్థితికి అక్షరం చేరడమే ఇక్కడ బాధాకరం. వర్ణభేదాన్ని కాపాడే బాధ్యత వ్యాకరణానికే కాదు, ఖతికి కూడా ఉంది.

పాత అచ్చులో ఈ చిక్కు ఇంతగా లేదు. వలపలగిలక వాడుకలో ఉన్న కాలంలో థ పూర్తి సైజులో పంక్తి మీదనే నిలిచేది. రేఫ దాని కుడిపక్కన గిలకగా వచ్చేది. చుక్క స్పష్టంగా కనబడేది. వలపలగిలక పోవడం వల్ల కూర్పరికి పని తగ్గి ఉండవచ్చు గాని థకారం చిన్నబోయి కిందికి దిగింది. దాన్ని తిరిగి తెమ్మనడం లేదు; చదువరులకు అది ఇప్పుడు పరాయి గుర్తు. ఆ సౌలభ్యం పోయిందని గ్రహించి ఒత్తుల కడుపులను కొంత విశాలంగా గీయడం మాత్రం రూపకర్తలు చేయగలిగిన పనే. బొద్దు ఖతిలో ఒత్తుల గీతను ప్రధానాక్షరం గీత కంటే పలచగా ఉంచాలి. అన్నింటికీ సమానమైన మందం అనేది కాగితం మీద న్యాయంగా తోస్తుంది, కంటికి మాత్రం అన్యాయం చేస్తుంది.

ఈ విషయంలో కుంచె పట్టిన చిత్రకారుల రాత మనకు పాఠం. బాపు చేతిరాతను గమనించిన వారికి ఇది తెలుస్తుంది. పుస్తకాల అట్టల మీద, సినిమా పేర్లలో ఆయన అక్షరం ఎంత లావెక్కినా కడుపు మూసుకోదు. ‘సాక్షి’ చిత్రాన్ని ఆయన 1967లో ఆత్రేయపురం పక్కనున్న పులిదిండిలో తీశారు. కోనసీమ వారికి ఆ రాత అప్పటినుంచీ ఇంటి చుట్టమే. చేత్తో రాసేవారు ప్రతి పదాన్నీ విడిగా చూసి ఒత్తును అవసరమైతే పక్కకు జరుపుతారు, అవసరమైతే సాగదీస్తారు. ఖతికి ఆ వివేకం ముందుగానే పోసి పెట్టాలి. అచ్చయిన తరువాత సవరించేవారు ఉండరు.

5. జిల్లా పేరు, అక్షరం బరువు:

2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. పేరు మార్పు ప్రతిపాదన వచ్చినప్పుడు ఆ ఏడాది మే 24న అమలాపురంలో ఆందోళన హింసగా మారింది. ఆ తరువాత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అన్న పేరు స్థిరపడింది. ఒక పేరు కోసం ఇంత జరిగిన చోట ఆ పేరును ఎలా రాయాలన్నది చిన్న విషయం కాదు. పొడవైన పేరు కనుక బోర్డు రాసేవారికి కొంత భాగాన్ని చిన్నదిగా, కొంత భాగాన్ని పెద్దదిగా రాయాలన్న ప్రలోభం సహజం. ఏ భాగం పలచనవుతుంది, ఏ భాగం బొద్దవుతుంది అన్న నిర్ణయం అక్షరాల సంగతిగా మాత్రమే మిగలదు. చూసేవారు దాన్ని మర్యాదగానో అమర్యాదగానో చదువుతారు. ‘రామరాజ’కు ఒకే బరువు ఉంది. మామూలుగా లోపమనదగిన ఆ గుణం ఇక్కడ మేలు చేస్తుంది. సైజు మార్చనంతవరకు పేరు మొత్తం ఒకే బరువుతో నిలబడుతుంది.

అయితే ఈ పేరు కూడా సులువైనది కాదు. క్ట, ద్క, ల్ల అనే మూడు ఒత్తులు, మూడు పొల్లు రకారాలు, నడుమ చుక్కలు ఉన్నాయి. కింద ఇంగ్లీషు పంక్తిని దగ్గరగా పేర్చితే ద్క ఒత్తు దాన్ని తాకుతుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు కిందికి దిగే భాగం లేదు కనుక వాటికి సరిపోయే పంక్తిదూరం తెలుగుకు చాలదు. రెండు లిపుల పలకల్లో తెలుగు పంక్తి కింద కనీసం ఒక ఒత్తు ఎత్తు ఖాళీ వదలాలి. పలక పరిమాణం పెరగకపోతే ఇంగ్లీషును తగ్గించాలి, ఒత్తును నరకకూడదు.

6. వినియోగం – బొత్తాంతో వచ్చే బొద్దు:

కోస్తా పట్టణాల డి.టి.పి. కేంద్రాల్లో చాలాకాలం అను ఖతులదే రాజ్యం. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా వంటివాటిలో యూనికోడ్ తెలుగు సరిగా కూడకపోవడం అందుకు ప్రధాన కారణం. ఉచితంగా దొరికే ‘రామరాజ’ వంటి ఖతి ఆ పనివారి చేతికి చేరడానికి ముందుగా వారి సాఫ్ట్‌వేర్ మారవలసి వచ్చింది. యూనికోడ్ వల్ల కలిగిన లాభం పెద్దది. ఆహ్వానపత్రిక కోసం కూర్చిన పాఠాన్నే ఫోనులో పంపవచ్చు, వెదకవచ్చు, మళ్లీ వాడవచ్చు. పాత పద్ధతిలో కూర్చిన పాఠం మరోచోట అతికిస్తే అర్థంకాని గుర్తుల కుప్పగా మారేది.

కొత్త సౌకర్యంతోపాటు ఒక కొత్త దోషం కూడా వచ్చింది. ‘రామరాజ’ బొద్దు ఖతే అయినా సాంకేతికంగా దాని బరువు పేరు ‘రెగ్యులర్’. దానికి వేరే బోల్డ్ రూపం లేదు. కూర్చేవారు అలవాటుగా బోల్డ్ బొత్తాం నొక్కితే సాఫ్ట్‌వేర్ ఉన్న గీతనే యాంత్రికంగా మరింత ఉబ్బిస్తుంది. రూపకర్త జాగ్రత్తగా మిగిల్చిన ఖాళీ అంతా ఆ ఉబ్బులో పోతుంది. మీద చెప్పిన థ ఒత్తు బతికి బట్టకట్టేది ఇక లేదు. ఈ దోషం ఖతిది కాదు, వాడినవారిదీ పూర్తిగా కాదు. బరువైనదానికి ‘రెగ్యులర్’ అని పేరు పెట్టిన ఏర్పాటుది.

పుట లోపల ఉద్ఘాటన కోసం ‘రామరాజ’ను వాడేవారు కూడా ఉన్నారు. అది దానికి తగిన పని కాదు. క్లారెండన్ పని గోడ అక్షరం చేయలేదు. ఆ అవసరానికి పలు బరువులున్న నోటో సెరిఫ్ తెలుగు, అనెక్ తెలుగు మెరుగైనవి. మొదట ఒకే లావుతో వచ్చిన ‘బాలూ తమ్ముడు’ సైతం తరువాత అయిదు బరువులకు విస్తరించింది. కావ్యపాఠానికి తగిన సొగసున్న తీరో తెలుగులో నిటారు, ఏటవాలు రూపాలే ఉన్నాయి, బొద్దు లేదు. ప్రాచీన పద్యాన్ని అచ్చువేయడానికి బొద్దు అక్కరలేదని దాని రూపకర్తలు భావించి ఉంటే వారితో విభేదించడం కష్టం. పద్యాల కింద ప్రతిపదార్థం వేసేవారికి మాత్రం ఆ లోటు తెలుస్తుంది.

‘రామరాజ’ లైసెన్స్ మార్పులను అనుమతిస్తుంది. ఎవరైనా దాన్ని తీసుకుని, మూలఖతి పేరు విషయంలో నిబంధన ఉంటే పాటించి, మెరుగుపరచవచ్చు. మొత్తం ఖతిని తిరిగి గీయనక్కరలేదు. థ, ధ, ఠ, భ, ఢ, ఫ, ఛ అక్షరాలు, వాటి ఒత్తులు, గుణింతాలు చాలు. ఒత్తుల గీత పలచన కావాలి. చుక్క చుట్టూ తెల్లదనం పెరగాలి. సవరించిన రూపాన్ని కంప్యూటర్ తెర మీద పెద్దదిగా చేసి చూసి మెచ్చుకుంటే చాలదు. కరపత్రం సైజులో ‘భీష్మ ఏకాదశి రథోత్సవం’ అని ఒకసారి, ‘ప్రభల తీర్థం’ అని ఒకసారి చవక కాగితం మీద అచ్చువేసి, థ, ధ తేడా తెలిసిన పిల్లవానిచేత చదివించి చూడాలి.